నల్లగొండ, పాలమూరు విద్యార్థులు ఎయిర్‌లైన్ పైలట్ ఉద్యోగానికి ఎలా చేరుకోవాలి: ఏ మెట్టు ముందు, ఏ మెట్టు తరువాత

దేవరకొండ, మిర్యాలగూడ, అచ్చంపేట, నారాయణపేట వైపు నుంచి పైలట్ కావాలన్న కోరికతో వచ్చే విద్యార్థులకు నేను కొన్నేళ్లుగా గ్రౌండ్ సబ్జెక్టులు, అంటే రాత పరీక్షల పాఠాలు, చెబుతున్నాను. వెంట వచ్చిన తండ్రి దాదాపు ప్రతిసారీ అడిగే మొదటి ప్రశ్న "మొత్తం ఎంతవుతుంది సార్?" అన్నదే. మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్స్ చేతికి వచ్చేసరికి సుమారు 45 నుంచి 60 లక్షల రూపాయలు, ఆపైన ఒక జెట్ విమానం మీద టైప్ రేటింగ్‌కు (ఆ రకం విమానాన్ని నడిపే ప్రత్యేక అర్హతకు) మరో 12 నుంచి 20 లక్షలు అవుతున్నాయి కాబట్టి ఆ ప్రశ్న న్యాయమైనదే. అయితే ఆ మొత్తం ఎంత అన్నదానికంటే అది ఏ వరుసలో ఖర్చు కావాలన్నది ముఖ్యం. ఈ దారిలో మిమ్మల్ని పూర్తిగా నిలిపివేయగల అడ్డంకులు ముఖ్యంగా రెండు, ఆరోగ్య పరీక్ష ఒకటి, పైలట్ లైసెన్సులు ఇచ్చే కేంద్ర పౌర విమానయాన సంస్థ డీజీసీఏ పెట్టే రాత పరీక్షలు మరొకటి. మొత్తం ఖర్చులో చిన్న భాగంతోనే ఆ రెండూ తేలిపోతాయి. పొలం అమ్మవలసినంత ఖర్చు ఆ తరువాతనే వస్తుంది. చాలా కుటుంబాలు ఈ వరుసను తలకిందులు చేసి, ముందు ఫ్లయింగ్ స్కూల్‌కు డబ్బు కట్టి, తరువాత డాక్టర్ దగ్గరకు వెళుతున్నాయి. మీరు అలా చేయకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

అర్హత, పేర్ల సంగతి

విద్యార్థి పైలట్ లైసెన్స్‌కు 16 ఏళ్లు, కమర్షియల్ లైసెన్స్‌కు 18 ఏళ్లు నిండి ఉండాలి. ఇంటర్మీడియట్‌లో గణితం, భౌతికశాస్త్రం ఉత్తీర్ణులై ఉండాలి. ఎంపీసీ వారికి ఇది ఇబ్బంది కాదు. బైపీసీ, సీఈసీ చదివిన వారు నిరాశపడవలసిన పని లేదు, జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ద్వారా తమకు లేని సబ్జెక్టులను విడిగా రాసి ఉత్తీర్ణులైతే సరిపోతుంది. తెలుగు మాధ్యమంలో చదివినా అభ్యంతరం లేదు.

అసలు ఆలస్యం జరిగేది పేర్ల దగ్గర. మన దగ్గర పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది, ఆధార్‌లో అదే ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించి ఉంటుంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు వేరే గడిలోకి వెళుతుంది, తండ్రి పేరు ఒక్కో పత్రంలో ఒక్కో విధంగా ఉంటుంది. డీజీసీఏ పరీక్షలు రాయడానికి కావలసిన కంప్యూటర్ నంబర్‌కు (అభ్యర్థి గుర్తింపు సంఖ్యకు) మీ ఇంటర్ సర్టిఫికెట్‌ను బోర్డు ధ్రువీకరించాలి. డీజీసీఏ ఆన్‌లైన్ పోర్టల్ అయిన ఈజీసీఏలోని వివరాలు, వైద్య పత్రాలు, పాస్‌పోర్టు అన్నీ ఆ పేరుతోనే సరిపోలాలి. కాబట్టి పదో తరగతి మెమోలో ఉన్న పేరును ఆధారంగా తీసుకుని, ఆధార్, పాస్‌పోర్టులను దానికి అనుగుణంగా సరిచేయించుకున్న తరువాతనే మొదటి దరఖాస్తు పెట్టండి. ఒక అక్షరం తేడా వల్ల పరీక్షల విడత ఒకటి మొత్తం పోగొట్టుకున్న విద్యార్థులను నేను చూశాను.

డాక్టర్ దగ్గరకు ముందే వెళ్లండి

వైద్య పరీక్షల్లో రెండు స్థాయిలు ఉన్నాయి. మొదట క్లాస్ 2 పరీక్ష, డీజీసీఏ గుర్తింపు పొందిన డాక్టర్ల దగ్గర హైదరాబాద్‌లోనే చేయించుకోవచ్చు. కమర్షియల్ లైసెన్స్‌కు కావలసింది క్లాస్ 1. దీన్ని బెంగళూరులోని వైమానిక దళ వైద్య సంస్థ వంటి కేంద్రాల్లో గాని, డీజీసీఏ అనుమతించిన పౌర కేంద్రాల్లో గాని చేయించుకోవాలి. మహబూబ్‌నగర్, గద్వాల వాసులకు కాచిగూడ నుంచి బెంగళూరు వెళ్లే రైలు మార్గం ఊరి మీదుగానే పోతుంది కాబట్టి బెంగళూరు ప్రయాణం పెద్ద శ్రమ కాదు.

కంటి చూపు, రంగులను గుర్తించే శక్తి, వినికిడి, ఈసీజీ, రక్తపోటు, రక్తంలో చక్కెర, ఛాతీ ఎక్స్‌రే, మూత్ర పరీక్ష ఇందులో ఉంటాయి. కళ్లద్దాలు ఉన్నంత మాత్రాన అనర్హులు కారు, అద్దాలతో చూపు నిర్ణీత ప్రమాణానికి చేరితే చాలు. రంగులను గుర్తించలేకపోవడం మాత్రం గట్టి అడ్డంకి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని వారు ఆ సంగతి తమకే తెలియకుండా ఇరవై ఏళ్లు పెరిగి ఉండవచ్చు. కాబట్టి చుక్కల పటాలతో చేసే ఆ చిన్న పరీక్షను ముందుగా మీ ఊరి దగ్గరి కంటి డాక్టర్ దగ్గరే చేయించుకోండి. చాలా స్కూళ్లు క్లాస్ 2 ఉంటే చేర్చుకుంటాయి, ఎందుకంటే విద్యార్థి లైసెన్స్‌కు అది సరిపోతుంది. మీరు మాత్రం క్లాస్ 1 పత్రం చేతికి వచ్చేవరకు పెద్ద మొత్తం ఎవరికీ కట్టవద్దు. తాత్కాలికంగా అనర్హులని రాస్తే కంగారుపడకుండా, వారు చెప్పిన చికిత్స తీసుకుని గడువులోపల మళ్లీ హాజరు కండి. బరువు, రక్తపోటు వంటి కారణాలతో ఆగిన వారు తరువాత అర్హులైన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. పాత జబ్బును, శస్త్రచికిత్సను దాచిపెట్టడం మాత్రం ఎప్పుడూ చేయకండి. ఈ పరీక్ష ఉద్యోగ జీవితమంతా మళ్లీ మళ్లీ ఉంటుంది, 40 ఏళ్ల లోపు వారికి ఏడాదికోసారి.

రాత పరీక్షలు, రేడియో భాష

ఎయిర్ నావిగేషన్, వాతావరణ శాస్త్రం, ఎయిర్ రెగ్యులేషన్స్, టెక్నికల్ జనరల్ (విమానాల సాధారణ సాంకేతిక విషయాలు), టెక్నికల్ స్పెసిఫిక్ (ఒక నిర్దిష్ట రకం విమానం గురించి) అనే పేపర్లు ఉంటాయి. ఒక్కోదానిలో 70 శాతం రావాలి. వీటితోపాటు రేడియోలో మాట్లాడే అర్హతకు ఆర్టీఆర్ పరీక్ష, ఇంగ్లీషు ప్రావీణ్య పరీక్షలో కనీసం నాలుగో స్థాయి కావాలి. విమానం ఎక్కడానికి ముందే కనీసం నావిగేషన్, వాతావరణం, రెగ్యులేషన్స్ పూర్తి చేయండని నేను గట్టిగా చెబుతాను. రోజంతా ఎయిర్‌ఫీల్డ్‌లో గడిపి రాత్రి పుస్తకం తెరిచే వారు ఆ పేపర్లను సంవత్సరాల తరబడి లాగుతారు, ఈలోగా హాస్టల్ ఖర్చు పెరుగుతూ పోతుంది.

ఇంటర్ వరకు బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్న వారికి నావిగేషన్ కొంత కష్టం. అలాంటి వారికి నేను చెప్పే అభ్యాసం ఇది. శంషాబాద్ విమానాశ్రయపు సంకేతం వీఓహెచ్‌ఎస్. అక్కడి వాతావరణ నివేదిక అరగంటకోసారి వెలువడుతుంది. రోజూ ఉదయం, సాయంత్రం దాన్ని చూసి, గాలి దిశ, వేగం, దృశ్యత, మేఘాల ఎత్తు, ఉష్ణోగ్రత, వాయుపీడనం తెలుగులో రాసుకుని, తరువాత బయటికి వచ్చి ఆకాశం చూడండి. మన జిల్లాల్లో ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటాక కమ్ముకునే ఉరుముల మేఘాలను పాఠంలోని క్యుములోనింబస్ వర్ణనతో పోల్చి చూసిన విద్యార్థి ఆ అధ్యాయాన్ని మరచిపోలేడు. నల్లగొండలో ఎండ 44 డిగ్రీలు దాటిన రోజున గాలి పలచబడి, రెక్కలకు లిఫ్ట్, ఇంజిన్‌కు బలం తగ్గి, విమానానికి రన్‌వే ఎక్కువ కావలసి వస్తుందన్న సంగతి కూడా అలా అనుభవంలోకి వస్తుంది.

ఇంగ్లీషు విషయంలో మన పిల్లలు భయపడతారు, కాని రేడియో భాష కథలు చెప్పే ఇంగ్లీషు కాదు. అది కొద్ది పదాలతో, నిర్ణీత క్రమంలో, స్పష్టంగా పలికే భాష. మూడును ట్రీ అని, ఐదును ఫైఫ్ అని, తొమ్మిదిని నైనర్ అని పలకడం నేర్చుకోవాలి. బస్సులో వెళుతున్నప్పుడు ఎదురయ్యే ప్రతి బండి నంబరును ఆ భాషలో చదవండి, నల్లగొండ బండి అయితే టాంగో గోల్ఫ్ జీరో ఫైఫ్, పాలమూరు బండి అయితే టాంగో గోల్ఫ్ జీరో సిక్స్. నెల రోజుల్లో నాలుక తిరుగుతుంది. ఆర్టీఆర్ పరీక్షలో తడబడేది ఎక్కువగా తెలియక కాదు, నోటితో అభ్యాసం చేయక.

ఫ్లయింగ్ స్కూల్ ఎంపిక

హైదరాబాద్‌లో బేగంపేట పాత విమానాశ్రయంలో తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీ ఉంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో 1985 నుంచి నడుస్తోంది. దానికి ప్రవేశ పరీక్ష ఉంటుంది, ఆ పరీక్ష రాయడం ప్రతి ఒక్కరికీ మేలు. మహారాష్ట్రలోని గోండియా వంటి చోట్ల ప్రైవేటు సంస్థలు ఉన్నాయి. విదేశాల్లో చేస్తే గంటలు వేగంగా పూర్తి కావచ్చు, కాని తిరిగి వచ్చి ఆ లైసెన్స్‌ను భారతీయ లైసెన్స్‌గా మార్చుకోవాలి, డీజీసీఏ పేపర్లు ఎలాగూ రాయాలి.

పేరు విని కాకుండా స్వయంగా వెళ్లి చూసి ఎంచుకోండి. ఒక పనిదినాన ఉదయం ఆరు గంటలకు ఎయిర్‌ఫీల్డ్‌కు చేరి, సాయంత్రం వరకు కూర్చోండి. ఎన్ని విమానాలు ఉన్నాయని కాదు, ఆ రోజు ఎన్ని ఎగిరాయో లెక్కించండి. ఇన్‌స్ట్రక్టర్లు ఎంతమంది, విద్యార్థులు ఎంతమంది, గత మూడు నెలల్లో ఒక్కో విద్యార్థికి ఎన్ని గంటలు వచ్చాయో విద్యార్థులనే విడిగా అడగండి. రెండు ఇంజిన్ల విమానం సొంతంగా ఉందా, లేక దానికి మరో చోటికి పంపుతారా అన్నది తప్పక అడగండి. వానాకాలంలో గంటలు ఎంత తగ్గుతాయో అడగండి. డీజీసీఏ 2025 నుంచి శిక్షణ సంస్థలకు శ్రేణులు ఇస్తోంది, ఆ జాబితా చూడండి. మా దగ్గర చదివిన మిర్యాలగూడ వైపు అబ్బాయి ఒకరు మొత్తం ఫీజు ఒకేసారి కట్టారు. ఆ స్కూల్‌లో విమానాలు మరమ్మతుకు నిలిచిపోయి, ఏడాదిన్నరలో పూర్తి కావలసిన శిక్షణ మూడేళ్లు దాటింది. అందువల్ల ఎగిరిన గంటలకు తగ్గట్టు విడతలుగా కట్టే ఒప్పందం, మధ్యలో మానుకుంటే మిగిలిన సొమ్ము తిరిగి ఇచ్చే షరతు కాగితం మీద లేకపోతే సంతకం చేయకండి.

భద్రత గురించి అడగడానికి మొహమాటపడకండి. 2022 ఫిబ్రవరి 26న నాగార్జునసాగర్ ఎయిర్‌స్ట్రిప్ నుంచి ఒంటరిగా బయలుదేరిన శిక్షణ విమానం మన పెద్దవూర మండలం తుంగతుర్తి పొలాల్లో కూలి, ఆ యువ పైలట్ ప్రాణాలు కోల్పోయింది. మన పొలాల మీద జరిగిన ఆ నష్టాన్ని గుర్తుపెట్టుకుని, సోలోకు పంపే ముందు ఏ పరీక్షలు చేస్తారు, ఏ వాతావరణంలో ఆపుతారు, విమానంలో లోపం ఉందని విద్యార్థి చెబితే ఏం చేస్తారు అని చీఫ్ ఇన్‌స్ట్రక్టర్‌ను సూటిగా అడగండి. సమాధానం చెప్పడానికి విసుగుపడే స్కూల్ మీకు అక్కర్లేదు.

రెండు వందల గంటలు

కమర్షియల్ లైసెన్స్‌కు మొత్తం 200 గంటలు ఎగరాలి. అందులో 100 గంటలు మీరే కమాండ్‌లో, అంటే విమానానికి బాధ్యుడైన పైలట్‌గా, ఉండాలి. వాటిలో 20 గంటలు క్రాస్ కంట్రీ (ఎయిర్‌ఫీల్డ్ వదిలి దూరం వెళ్లే ప్రయాణం), అందులో ఒక ప్రయాణం 300 నాటికల్ మైళ్లకు తగ్గకుండా, దారిలో రెండు వేర్వేరు ఎయిర్‌ఫీల్డుల్లో దిగుతూ చేయాలి. రాత్రి పూట ఐదు గంటలు, పది టేకాఫ్‌లు, పది ల్యాండింగ్‌లు ఉండాలి. ఎయిర్‌లైన్‌కు వెళ్లేవారు రెండు ఇంజిన్ల విమానం మీద ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట కనిపించకపోయినా పరికరాలు చూసి నడిపే అర్హత) కూడా చేస్తారు. దీనికి కమాండ్‌లో 50 గంటల క్రాస్ కంట్రీ, 40 గంటల ఇన్‌స్ట్రుమెంట్ సమయం కావాలి కాబట్టి, 200 గంటలను మొదటి నుంచే ఈ లెక్కతో పంచుకోండి. చివర్లో ఇరవై గంటలు తక్కువ పడితే ఆ ఇరవై గంటలకు అదనంగా లక్షలు కట్టవలసి వస్తుంది.

లాగ్‌బుక్‌లో ఎగరని నిమిషం ఒక్కటి కూడా రాయవద్దు, ఎవరు రాయమన్నా సరే. 2011లో నకిలీ మార్కుల పత్రాలతో లైసెన్సులు పొందిన పైలట్లు పట్టుబడి, అరెస్టుల వరకు వెళ్లింది. అప్పటి నుంచి తనిఖీలు గట్టిపడ్డాయి.

డబ్బు ఎక్కడి నుంచి

విద్యా రుణానికి బ్యాంకుకు వెళితే మన కుటుంబాలకు ఎదురయ్యే మొదటి చిక్కు ఇది: వ్యవసాయ భూమిని చాలా బ్యాంకులు హామీగా ఒప్పుకోవు, ఎందుకంటే బకాయిపడితే తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకునే వీలిచ్చే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. పట్టాదారు పాసుపుస్తకం ఉన్నా ఇల్లు, ప్లాటు, ఫిక్స్‌డ్ డిపాజిట్ వంటివి అడుగుతారు. ఈ సంగతి ముందే తెలుసుకుంటే చివరి నిమిషంలో పొలాన్ని తక్కువ ధరకు తెగనమ్ముకునే అవసరం రాదు. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ నిబంధనల్లో కమర్షియల్ పైలట్ కోర్సు ఉన్న సంగతిని జిల్లా సంక్షేమ కార్యాలయంలో ప్రస్తావించి, దరఖాస్తు వివరాలు అడగాలి. పాత పన్ను విధానంలో ఉన్నవారికి విద్యా రుణ వడ్డీపై ఎనిమిదేళ్ల వరకు ఆదాయపు పన్ను మినహాయింపు లభిస్తుంది.

ఎయిర్‌లైన్ ఎలా ఎంపిక చేస్తుంది

రెండు దారులు ఉన్నాయి. ఒకటి క్యాడెట్ పథకం: ఎయిర్‌లైన్ ముందే మిమ్మల్ని పరీక్షించి ఎంచుకుని, తన భాగస్వామి స్కూల్‌లో శిక్షణ ఇప్పించి, అన్నీ ఉత్తీర్ణులైతే జూనియర్ ఫస్ట్ ఆఫీసర్‌గా (కొత్త కో పైలట్‌గా) తీసుకుంటుంది. ఖర్చు సుమారు కోటి రూపాయల వరకు, కొన్నిసార్లు అంతకు మించీ ఉంటుంది, ఉద్యోగం షరతులకు లోబడే ఉంటుంది. రెండోది సొంతంగా లైసెన్స్ తెచ్చుకుని, ప్రకటన వచ్చినప్పుడు దరఖాస్తు చేయడం. ఆస్తి తాకట్టు పెట్టి నడిచే కుటుంబాలకు నేను రెండో దారినే సూచిస్తాను, ఎందుకంటే అందులో ప్రతి మెట్టు దగ్గర ఆగి ఆలోచించుకునే వీలుంటుంది.

లైసెన్స్ రాగానే సొంత డబ్బుతో టైప్ రేటింగ్‌కు పరుగెత్తకండి. ఇండిగో, ఎయిర్ ఇండియా ఎక్కువగా ఎయిర్‌బస్ ఏ320 కుటుంబాన్ని నడుపుతాయి, ఆకాశ వారిది బోయింగ్ 737, అలయన్స్ ఎయిర్‌ది ఏటీఆర్. ఎవరు, ఎప్పుడు, ఏ విమానానికి, రేటింగ్ ఉన్నవారిని అడుగుతున్నారా లేనివారిని కూడా తీసుకుంటున్నారా అన్నది ప్రకటనలు గమనించి తెలుసుకున్న తరువాతనే ఆ డబ్బు పెట్టాలి. చేసిన రేటింగ్ వాడకుండా ఉంటే కాలం చెల్లుతుంది, మళ్లీ సిమ్యులేటర్‌కు చెల్లించాలి.

ఎంపికలో సాధారణంగా రాత పరీక్ష, కంప్యూటర్ మీద సామర్థ్య పరీక్షలు, మనస్తత్వ పరీక్ష, బృంద చర్చ, ఇంటర్వ్యూ, కొన్నిచోట్ల సిమ్యులేటర్ పరీక్ష ఉంటాయి. ఇంటర్వ్యూలో నోటి లెక్కలు అడుగుతారు. ఉదాహరణకు మీరు 35,000 అడుగుల ఎత్తులో ఉన్నారు, శంషాబాద్ సముద్ర మట్టానికి సుమారు 2,000 అడుగుల ఎత్తులో ఉంది, ఎంత దూరం నుంచి దిగడం మొదలుపెడతారు? దిగవలసింది 33,000 అడుగులు, వెయ్యికి మూడు మైళ్ల చొప్పున 99 నాటికల్ మైళ్లు, వేగం తగ్గించుకోవడానికి కొంత కలిపి, వెనుకగాలి ఉంటే మరికొంత కలిపి 110 అని చెప్పి, ఎందుకో వివరించగలగాలి. తెలియని ప్రశ్నకు "తెలియదు సర్, చూసి నేర్చుకుంటాను" అని చెప్పడం నష్టం కాదు. ఊహించి చెప్పి, దాన్ని సమర్థించుకోవడమే నష్టం. మీ కుటుంబం, మీ ఊరు, ఎందుకు ఈ వృత్తి అన్న ప్రశ్నలకు అలంకారం లేకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

చేరిన తరువాత శిక్షణ

మొదటి వారాలు తరగతి గదిలో గడుస్తాయి: కంపెనీ నియమాలు, ప్రమాదకర సరుకుల రవాణా, మంటలు ఆర్పడం, నీటిలో దిగితే ప్రయాణికులను బయటికి తీయడం. తరువాత విమాన వ్యవస్థల చదువు, ఆపైన సిమ్యులేటర్. ఒక్కో సెషన్ సాధారణంగా నాలుగు గంటలు, ఇద్దరు శిక్షణార్థులు పంచుకుంటారు. ఒకరు విమానం నడుపుతుంటే మరొకరు గమనిస్తూ, చెక్‌లిస్ట్ చదువుతూ, రేడియో చూస్తారు. టేకాఫ్ పరుగులో ఇంజిన్ ఆగిపోవడం, కేబిన్‌లో పీడనం పడిపోవడం, పొగ, ఇవన్నీ మళ్లీ మళ్లీ చేయిస్తారు. సిమ్యులేటర్ సమయం చాలా ఖరీదైనది కాబట్టి స్విచ్ ఎక్కడుందో వెతకడానికి దాన్ని వాడకండి. కాక్‌పిట్ చిత్రపటాన్ని గోడకు అతికించి, ఎదురుగా కుర్చీ వేసుకుని, చేతులు ఆ స్థానాలకు వాటంతట అవే వెళ్లే వరకు, నోటితో పలుకుతూ రోజుకు గంట సాధన చేయండి.

మన పెంపకం అడ్డుపడే చోటు ఒకటి ఉంది, దాని మీద కొంత నిలిచి చెబుతాను. పెద్దవారి మాటకు ఎదురు చెప్పకూడదని మనకు చిన్నప్పటి నుంచి నేర్పుతారు. ఇంట్లో అది మంచి గుణమే. కాక్‌పిట్‌లో కెప్టెన్ మీకన్నా ఇరవై ఏళ్లు పెద్దవాడు, పదివేల గంటలు ఎగిరినవాడు కావచ్చు, అయినా తప్పు కనిపించినప్పుడు నోరు విప్పడం మీ విధి. 2010 మే 22న మంగళూరులో విమానం రన్‌వే దాటి లోయలో పడి 158 మంది చనిపోయిన ప్రమాదంలో, కో పైలట్ ల్యాండింగ్ మానుకుని మళ్లీ పైకి లేద్దామని మూడుసార్లు చెప్పాడు, కెప్టెన్ దిగడమే కొనసాగించాడు. ఈ కారణంగానే సిబ్బంది ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ కలిసి పనిచేయడం నేర్పే క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ తరగతిని మొక్కుబడిగా కూర్చుని వచ్చే పాఠంగా చూడకండి. "సర్, స్పీడ్ తక్కువ" అని మొదట మామూలుగా, తరువాత గట్టిగా, చివరకు కంపెనీ నియమం అనుమతించిన చోట నియంత్రణ చేతిలోకి తీసుకుంటూ చెప్పడం గొంతుతో అభ్యాసం చేయవలసిన పని. ఇంట్లో అన్నతోనో, స్నేహితుడితోనో నటించి చూడండి. మొదటిసారి మాట పెగలదు.

సిమ్యులేటర్ పరీక్ష గట్టెక్కాక ఖాళీ విమానంతో ల్యాండింగ్‌లు, ఆ తరువాత ప్రయాణికులు ఉన్న విమానంలో శిక్షణ కెప్టెన్ పక్కన లైన్ ట్రైనింగ్ మొదలవుతాయి. తొలి ప్రయాణాల్లో వెనుక సీటులో మరో పైలట్ భద్రత కోసం కూర్చుంటారు. రోజుకు నాలుగు సెక్టార్లు (టేకాఫ్ నుంచి ల్యాండింగ్ వరకు ఒకటి) తిరిగిన తరువాత హోటల్ గదిలో అరగంట కూర్చుని ఆ రోజు కెప్టెన్ చెప్పిన ప్రతి సవరణను నోటుపుస్తకంలో రాయండి. లైన్ ట్రైనింగ్ ముగిసిందని తేల్చే రిలీజ్ చెక్ వరకు ఆ పుస్తకమే మీకు ప్రధాన పాఠ్యగ్రంథం. డ్యూటీకి ముందు శ్వాస పరీక్ష ఉంటుంది. మద్యం సంగతి చెప్పనక్కర్లేదు, మౌత్‌వాష్, దగ్గు మందు కూడా వాడకండి. ఏ మందు వేసుకున్నా కంపెనీ డాక్టర్‌ను అడిగే అలవాటు మొదటి రోజు నుంచే చేసుకోండి.

రిలీజ్ అయిన తరువాత కూడా సంవత్సరానికి రెండుసార్లు సిమ్యులేటర్ పరీక్ష ఉంటుంది. కెప్టెన్ కావడానికి కావలసిన ఏటీపీఎల్‌కు (ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ పైలట్ లైసెన్స్‌కు) 21 ఏళ్ల వయస్సు, 1,500 గంటల అనుభవం కావాలి. దాని పేపర్లు గంటలు నిండే వరకు ఆగకుండా, లైసెన్స్ పరీక్షల చదువు ఇంకా గుర్తున్న మొదటి రెండేళ్లలోనే రాసి పెట్టుకోండి. జీతం మొదలైన నెల నుంచి రుణం వాయిదాను స్థోమత ఉన్నంత ఎక్కువ కట్టండి. ఒప్పందంలో ఉన్న బాండ్ గడువు (కంపెనీలో తప్పక పనిచేయవలసిన కాలం), తదుపరి వైద్య పరీక్ష తేదీ, పాస్‌పోర్టు గడువు, ఈ మూడింటినీ ఒకే కాగితం మీద రాసి, మీ దగ్గర ఒక ప్రతి, ఊళ్లో నాన్నగారి దగ్గర ఒక ప్రతి ఉంచండి.